స్పాంజి కత్తులవాళ్ళూ, కవరు రహస్యాలవాళ్ళూ: వేర్వేరు లార్ప్ బృందాలను ఒక్క ఆటలో కలపడం ఎలా?

లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్ ప్లే. స్క్రిప్టు ఉండదు, ప్రేక్షకులు ఉండరు. వేషం వేసుకుని కొన్ని గంటలో, రెండు మూడు రోజులో ఆ పాత్రగానే తిరుగుతూ, మాట్లాడుతూ కథను అక్కడికక్కడే అల్లుకుంటారు. మన ఊళ్ళలో పగటివేషాలవాళ్ళు సోమయాజులు, సోమిదేవమ్మ వేషం కట్టి నేరుగా మన అరుగు మీదికొచ్చి మనతోనే తగవు పెట్టుకునేవాళ్ళు కదా, అది దీనికి చాలా దగ్గర. కాకపోతే లార్ప్‌లో అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా వేషంలోనే ఉంటారు.

నేనుండేది అమెరికాలో, మాసచూసెట్స్‌లో. ఇక్కడ గంట ప్రయాణం దూరంలోనే మూడు రకాల బృందాలున్నాయి. మొదటివాళ్ళు బాఫర్ వాళ్ళు. స్పాంజి చుట్టిన కత్తులు, డాళ్ళు పట్టుకుని నిజంగానే కొట్టుకుంటారు, దెబ్బలు లెక్కపెట్టుకుంటారు. అమెరికాలో ఈ సంప్రదాయం పాతది. డాగోర్‌హిర్ 1977లో, ఆమ్ట్‌గార్డ్ 1983లో మొదలైన బాఫర్ సంఘాలు. రెండోవాళ్ళు థియేటర్ స్టైల్ వాళ్ళు. హోటల్ గదుల్లో ఆడతారు. ఆటకు ముందే ఒక కవరు ఇస్తారు, అందులో మీ పాత్ర చరిత్ర, మీ రహస్యాలు, మీరు సాధించాల్సినవి ఉంటాయి. రక్తం తాగే పిశాచాల వేషాలు కట్టే వాంపైర్ ఆటలవాళ్ళూ వీళ్ళకు చుట్టాలే. ఆ ఆటల కోసం 1993లో వచ్చిన మైండ్స్ ఐ థియేటర్ రూల్స్‌లో పోట్లాటను రాయి-కాగితం-కత్తెరతో తేల్చేవారు. మూడోవాళ్ళు నార్డిక్ పద్ధతి, అంటే నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్ వైపు పెరిగిన పద్ధతి, నచ్చినవాళ్ళు. గెలవడం మీద వాళ్ళకు పెద్దగా ధ్యాస ఉండదు. పాత్ర బాధ తమ బాధ అయ్యేంతగా లోపలికి వెళ్ళాలన్నదే వాళ్ళ కోరిక.

మేం మొదటిసారి ఈ ముగ్గురినీ ఒక శనివారం కలిపినప్పుడు, ఆట మొదలైన నలభై నిమిషాలకే ఒకావిడ పాత్ర చచ్చిపోయింది. ఆ పాత్ర కోసం ఆవిడ పదకొండు పేజీలు చదువుకుని, గౌను కుట్టించుకుని, ఎవరితో ఏం తేల్చుకోవాలో చిన్న పుస్తకంలో రాసుకుని వచ్చింది. చంపినతను బాఫర్ మనిషి. అతని లెక్కలో తప్పేమీ చేయలేదు. గేటు దాటొద్దన్నాడు, ఆవిడ దాటింది, కొట్టాడు. రూలు ప్రకారం రెండు దెబ్బలకు పాత్ర పోతుంది, పోయింది. ఆవిడ వరండా మెట్ల మీద ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. అతను రెండుసార్లు వెళ్ళి సారీ చెప్పాడు. ఆవిడ ఎందుకు ఏడుస్తోందో అతనికి తెలియలేదు, అతను దేనికి సారీ చెబుతున్నాడో ఆవిడకూ తెలియలేదు. ఇద్దరూ మంచివాళ్ళే. వాళ్ళ మధ్య మాట్లాడాల్సినవి మేం ముందు మాట్లాడించలేదు, అంతే. ఆ రోజు తర్వాత నేర్చుకున్నవే కింద రాస్తున్నాను.

ముందు వాళ్ళ ఆటకు వెళ్ళండి

అందరినీ పిలిచి మీటింగ్ పెట్టడంతో మొదలుపెట్టొద్దు. మీటింగ్‌లో ప్రతివాళ్ళూ తమ పద్ధతి తరఫున వకాల్తా పుచ్చుకుంటారు. దానికి బదులు ఒక్కో బృందం ఆటకు ఒక్కసారైనా వెళ్ళి రండి. బాఫర్ ఆటకైతే ఎన్‌పీసీగా వెళ్ళడం మేలు. రాక్షసుడిగానో, దారిదోపిడీ దొంగగానో వేషం కట్టి ఆట నడిపేవాళ్ళకు సాయం చేసేవాళ్ళను ఎన్‌పీసీలంటారు. చాలా చోట్ల వాళ్ళకు ఫీజు తక్కువ, కొన్నిచోట్ల అసలుండదు. పదిసార్లు చచ్చి పదిసార్లు లేచి, చివర్లో సామాను వ్యాన్‌లోకి ఎక్కించి, గిన్నెలు కడిగి రండి. ఆ గిన్నెల దగ్గర వినిపించే మాటలు ఏ మీటింగ్‌లోనూ వినపడవు.

వెళ్ళినప్పుడు వాళ్ళు ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో గమనించండి. 'బాగా ఆడాడు' అని బాఫర్ వాళ్ళంటే తగిలిన దెబ్బ ఒప్పుకున్నాడని అర్థం. థియేటర్ స్టైల్ వాళ్ళంటే రహస్యాన్ని చివరిదాకా దాచి సరైన సమయంలో బయటపెట్టాడని. నార్డిక్ వాళ్ళంటే, ఓడిపోయే దారి ఎంచుకుని ఎదుటివాళ్ళకు మంచి సన్నివేశం ఇచ్చాడని. మాట ఒకటే, మెచ్చుకోలు మూడు రకాలు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

ఇది అర్థం చేసుకోవడానికి పాత పనిముట్టు ఒకటుంది. టేబుల్ మీద ఆడే రోల్ ప్లే ఆటల గురించి 1997లో ఇంటర్నెట్‌లో జరిగిన వాదనల్లోంచి మూడు కోణాల నమూనా ఒకటి పుట్టింది. కొందరికి సవాలు ముఖ్యం, కొందరికి కథ ముఖ్యం, కొందరికి ఆ లోకం నిజంలా నడవడం ముఖ్యం అంటుంది అది. 2003లో నార్వేకు చెందిన పెటర్ బక్‌మన్ దాన్ని లార్ప్‌కు సరిపోయేలా మార్చి, మూడో కోణం దగ్గర పాత్రలో మునిగిపోవడాన్ని పెట్టాడు. దీన్ని నమూనాగానే వాడండి, మనుషుల నుదుటి మీద అంటించే చీటీలా వాడొద్దు. ఉదయం కత్తియుద్ధంలో పాయింట్లు లెక్కపెట్టిన మనిషే రాత్రి చలిమంట దగ్గర కూర్చుని చచ్చిపోయిన తమ్ముడి కోసం నిజంగా ఏడవడం నేను చూశాను.

చిన్న ఆట, ఎవరిదీ కాని లోకం

మొదటి ఉమ్మడి ఆట ఒక్కరోజుదే పెట్టండి. ముప్పై మంది చాలు. ఏ బృందమైనా ఏళ్ళ తరబడి నడుపుతున్న కథాలోకంలోకి మిగతావాళ్ళను పిలవొద్దు. అక్కడ ఒకరు ఇంటివాళ్ళు, మిగతావాళ్ళు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు అయిపోతారు. కొత్త లోకం కట్టండి. ఎవరూ పాత పాత్రను, పాత పాయింట్లను దీంట్లోకి తీసుకురాకూడదు.

కథకు ఏదో ఒక కూడలి బాగుంటుంది. మేం వాడింది ఒక రేవు ఊరు. అవతలి ఒడ్డున సైన్యం దిగింది, ఇవతల సంత జరుగుతోంది, ఊరి పెద్ద ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. యుద్ధం కావాల్సినవాళ్ళకు ఒడ్డు, రాయబారాలూ రహస్యాలూ కావాల్సినవాళ్ళకు సత్రం, ఇంటి గొడవలు కావాల్సినవాళ్ళకు పెద్దాయన ఇల్లు. ఒకదాని సెగ మరోదానికి తగలాలి. ఒడ్డున ఓడిపోతే సత్రంలో బేరం మారాలి. లేదంటే ఒకే మైదానంలో మూడు ఆటలు జరిగినట్టే.

స్థలం అమెరికాలో అయితే స్కౌట్ క్యాంపులు అద్దెకు దొరుకుతాయి. చాలామంది ఇన్సూరెన్స్ కాగితం అడుగుతారు, మద్యానికి ఒప్పుకోరు. బుక్ చేసేముందే కనుక్కోండి.

మిక్సింగ్ డెస్క్ ముందు కూర్చోబెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వమంటాను. 2012లో లిథువేనియాలో మొదలైన లార్ప్‌రైటర్ సమ్మర్ స్కూల్‌లో నార్వే వాళ్ళు 'మిక్సింగ్ డెస్క్ ఆఫ్ లార్ప్' అనే పద్ధతితో పాఠాలు చెప్పారు. రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు ముందు పైకీ కిందికీ జరిపే మీటలుంటాయి కదా, అలాంటి మీటలు ఆటకు కూడా ఉన్నాయని వాళ్ళ ఆలోచన. రహస్యాలు ఎంత దాచాలి? పాత్ర ఎవరు రాయాలి, ఆటగాడా, నిర్వాహకుడా? కంటికి కనిపించేదంతా నిజంలా ఉండాలా, లేక కుర్చీని చూపించి గుర్రం అంటే చాలా? ఆట మధ్యలో నిర్వాహకుడు ఎంతవరకు వేలు పెట్టొచ్చు? ఒంటి మీద ఎంత ఒత్తిడి పడొచ్చు? ఇలా ఒక్కో ప్రశ్నకు ఒక మీట.

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పొడుగు బల్ల మీద మాస్కింగ్ టేపు ఆరేడు గీతలుగా అంటించండి. ఒక్కో గీతకు రెండు చివర్లా రెండు మాటలు రాయండి. ప్రతి బృందం నుంచి ఇద్దరిని పిలిచి, ఒక్కో బృందానికి ఒక్కో రకం నాణేలు ఇవ్వండి. ఈ ఒక్కరోజు ఆటకు ఆ మీట ఎక్కడుంటే మీకు ఓకే అని అడగండి. ఎప్పుడూ ఎక్కడుండాలని అడగొద్దు. 'ఈ ఒక్కరోజుకు' అనేసరికి పట్టు సడలుతుంది.

మా దగ్గర రహస్యాల గీత మీద నాణేలు రెండు చివర్లకూ వెళ్ళిపోయాయి. బాఫర్ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన తన నాణెం మీద వేలు అలాగే అదిమిపెట్టి ఉంచాడు, ఎవరైనా జరిపేస్తారేమో అన్నట్టు. వాదించకుండా ఒకటే అడిగాం: మీకు గుర్తుండిపోయిన రహస్యం ఏదైనా చెబుతారా? పద్దెనిమిదేళ్ళ కిందటి ఆట గురించి చెప్పాడు. తన పక్కన నిలబడి మూడు సీజన్లు యుద్ధం చేసినవాడే గూఢచారి అని తెలిసిన రోజది. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి విన్నారు. ఆ తర్వాత నాణెం ఆయనే రెండంగుళాలు జరిపాడు. నాణెం ఎక్కడుందన్నది తర్వాత, అక్కడే ఎందుకుందో ముందు చెప్పించండి.

చివరికి మేం కుదుర్చుకున్నది ఇది. పాత్ర కాగితం సగం మేం రాస్తాం, మిగతా సగం ఆటగాళ్ళు నింపుకుంటారు. రహస్యాలు ఉంటాయి, కానీ ముందే తెలుసుకోవాలనుకున్నవాళ్ళు తమ పాత్రకు సంబంధించినవి అడిగి తెలుసుకోవచ్చు. నార్వేలో 1999లో వచ్చిన డాగ్మా 99 మేనిఫెస్టో అసలు రహస్యాలే వద్దంది. ఆ మాట విని థియేటర్ స్టైల్ వాళ్ళు ఉలిక్కిపడతారు. ముందే కథ తెలిస్తే రసం పోతుందని వాళ్ళ భయం. మన పద్యనాటకాలు తలచుకోండి. రాయబారంలో ఏం జరుగుతుందో తెలియనివాళ్ళు ఆ పందిట్లో ఒక్కరూ ఉండరు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు, పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు, కృష్ణుడు ఆగి మళ్ళీ పాడతాడు. రసం ఎక్కడికీ పోదు. అలాగని తెలియకుండా చూడ్డంలో ఉన్న ఉత్కంఠ కూడా అబద్ధం కాదు. అందుకే ఆ ఎంపిక మనిషికి వదిలేశాం.

రూల్స్ ఒక్క పేజీ దాటొద్దు

మూడు రూల్‌బుక్కులు కలిపి నాలుగోది రాయాలని ప్రతివాళ్ళకూ అనిపిస్తుంది. రాయొద్దు. అది ఎవరూ చదవరు, చదివినవాళ్ళు కొట్టుకుంటారు. ఉమ్మడిగా ఉండాల్సినవి మూడే: ఎలా ఆపాలి, ఎక్కడ కొట్టుకోవచ్చు, ఎప్పుడు చావొచ్చు.

ఆపడం అన్నిటికన్నా ముఖ్యం. బాఫర్ ఆటల్లో ఎవరైనా 'హోల్డ్' అని అరిస్తే మైదానమంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. నార్డిక్ ఆటల్లో 'కట్' అంటే సన్నివేశం పూర్తిగా ఆపేయమని, 'బ్రేక్' అంటే కాస్త నెమ్మదించమని. ఇప్పుడు ఊహించండి, కత్తియుద్ధం జోరులో ఒక నార్డిక్ ఆటగాడు భయపడి 'కట్' అని అరిచాడు. బాఫర్ మనిషికి అది కత్తివేటు గురించిన మాటలా వినిపిస్తుంది, ఇంకో దెబ్బ వేస్తాడు. కాబట్టి పోట్లాట మైదానంలోనూ సత్రంలోనూ ఒకటే మాట ఉండాలి. మేం అన్నిచోట్లా 'హోల్డ్' ఉంచాం. నెమ్మదించడానికి 'బ్రేక్' తీసుకున్నాం. ఆటలోంచి నిశ్శబ్దంగా వెళ్ళిపోవాలంటే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నడిచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఎందుకని అడగకూడదు.

ఇంకోటి కూడా పెట్టుకోండి. ఎదుటివాళ్ళు ఏడుస్తున్నారు, అది పాత్ర ఏడుపా, మనిషి ఏడుపా తెలియడం లేదు. అప్పుడు వేళ్ళతో ఓకే గుర్తు చూపించాలి. వాళ్ళు బొటనవేలు పైకి పెడితే ఆట కొనసాగించండి. చెయ్యి అడ్డంగా ఊపినా, వేలు కిందికి పెట్టినా పక్కకు తీసుకెళ్ళి మంచినీళ్ళివ్వండి. ఆ రోజు వరండా మెట్ల దగ్గర ఈ ఒక్క గుర్తు మాకు తెలిసుంటే ఎంత బాగుండేదో.

కొట్టుకోవడానికి తాడు కట్టిన మైదానం ఒకటి ఉండాలి. ఆయుధాలన్నీ పొద్దున్నే ఒకరు చూడాలి. స్పాంజి నొక్కితే లోపలి కడ్డీ వేలికి తగలకూడదు, చిరుగులు ఉండకూడదు. తలకు, మెడకు కొట్టకూడదు. పోట్లాట వద్దనుకున్నవాళ్ళు చేతికి పసుపు గుడ్డ కట్టుకుంటారు. తాడు బయట కత్తి తీయాల్సి వస్తే దెబ్బల లెక్క ఉండదు, ఇద్దరూ కళ్ళతోనో, ఒక మాటతోనో ఎవరు ఓడిపోవాలో తేల్చుకుంటారు. ఇక చావు విషయానికొస్తే, చివరి గంట దాకా పాత్ర యజమాని ఒప్పుకోనిదే ఎవరూ చావరు. గాయపడొచ్చు, ఖైదు కావొచ్చు, పరువు పోవొచ్చు.

పాత్రలను కలగలపండి

పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు ఒక వరసలో, ఆడపెళ్ళివాళ్ళు ఒక వరసలో కూర్చుంటే భోజనాలయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. లార్ప్‌లోనూ అంతే, మనుషులు తెలిసినవాళ్ళ పక్కకే చేరతారు. అందుకని పాత్రలు పంచేటప్పుడే ప్రతి కుటుంబంలో మూడు రకాలవాళ్ళూ ఉండేట్టు చూడండి. తల్లి వాంపైర్ ఆటలమ్మాయి, కొడుకు బాఫర్ కుర్రాడు, ఇంటి పంతులు నార్డిక్ మనిషి. కొడుకు యుద్ధానికి పోతానంటే తల్లి గుమ్మంలో అడ్డం నిలబడుతుంది. అక్కడ మూడు పద్ధతులూ వాటంతటవే ముడిపడతాయి.

ఆట రోజు పొద్దున రెండు గంటల వర్క్‌షాప్ ఉండాలి. కొందరు విసుక్కుంటారు, 'ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాం, ఇంకా నేర్పేదేంటి' అంటారు. వాళ్ళనే సాయం అడగండి. కత్తి ఎలా పట్టాలో, ఎంత మెత్తగా కొట్టాలో కొత్తవాళ్ళకు చూపించమనండి. థియేటర్ స్టైల్ వాళ్ళను, పార్టీలో అపరిచితుడితో సంభాషణ ఎలా మొదలుపెట్టాలో చూపించమనండి. నార్డిక్ వాళ్ళను, ఎదుటి పాత్ర గొప్పగా కనిపించేలా ఎలా ఆడాలో చూపించమనండి. ఒక రాణి ఉందంటే ఆవిడ రాణిలా కనిపించేది మిగతావాళ్ళు లేచి నిలబడితేనే కదా! ఎవరికి తెలిసింది వాళ్ళు నేర్పితే గౌరవం దక్కుతుంది, టెన్షన్ తగ్గుతుంది.

'హోల్డ్' మాత్రం నోటితో చెప్పి వదిలేయొద్దు. కనీసం మూడుసార్లు రిహార్సల్ చేయించండి. అరిచేది ఆ గుంపులో అందరికన్నా కొత్తవాళ్ళు, అందరికన్నా మెల్లగా మాట్లాడేవాళ్ళు అయ్యుండాలి. ఒకసారి ఓ కాలేజీ అమ్మాయి గొంతు పెగలక రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి అరిచింది. ముప్పై మంది బొమ్మల్లా నిలబడిపోయారు. ఆ పిల్ల ముఖం చూడాలి ఆ క్షణాన.

ఆట నడిచేటప్పుడు నిర్ణయం ఎవరిదో ముందే తేల్చుకోండి. ఒక్కో బృందం నుంచి ఒకరు చొప్పున ముగ్గురి పేర్లు రాసి వంటగది తలుపుకు అంటించండి. ఏ తగవైనా వాళ్ళలో ఇద్దరు సరేనంటే అదే తీర్పు, వాదన ఆట అయ్యాకే. వంటగది మాత్రం ఒక్కటే ఉండాలి. పార్టిసిపెంట్లు తెచ్చుకున్న టిఫిన్లు ఎవరి మూల వాళ్ళు తినేట్టయితే మళ్ళీ మూడు గుంపులే. నేను పెద్ద గిన్నెడు పులిహోర కలిపి తీసుకెళ్తాను. ఆటలో అది రేవు ఊరి సత్రం భోజనం.

అయ్యాక వెంటనే ఇళ్ళకు పంపొద్దు

పాత్ర భావాలు మనిషికీ, మనిషి భావాలు పాత్రకూ అంటుకోవడాన్ని బ్లీడ్ అంటారు. ఎమిలీ కేర్ బాస్ అనే అమెరికన్ డిజైనర్ 2007లో వాడుకలోకి తెచ్చిన మాట. బాఫర్ వాళ్ళకు ఈ మాట కొత్త కావొచ్చు గానీ అనుభవం కొత్త కాదు. ఆట ముగిశాక అందరూ కలిసి హోటల్‌కు వెళ్ళి తింటూ అర్ధరాత్రి దాకా యుద్ధకథలు చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ. దిగడానికి వాళ్ళ మెట్టు అది. నార్డిక్ వాళ్ళ మెట్టు డిబ్రీఫ్, గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం. రెండూ ఉంచండి. ముందు పది నిమిషాలు వేషం తీసేయడానికి. తర్వాత నలుగురేసి కూర్చుని, పాత్ర నుంచి ఏం ఇంటికి తీసుకెళ్తున్నారో, ఏం ఇక్కడే వదిలేస్తున్నారో ఒక్కొక్కరూ చెప్పాలి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్ళు వినొచ్చు. అరగంటకు మించొద్దు. తర్వాత అందరూ కలిసి భోజనానికి.

ఎవరి పద్ధతి బాగుందని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న పడిందంటే పొద్దుట్నుంచీ కట్టిందంతా కూలుతుంది. 'రేపు ఎవరికి ఫోన్ చేయాలనిపిస్తోంది?' అని అడగండి. ఆట తర్వాత రెండో రోజు, ఆటలో శత్రువులుగా ఉన్నవాళ్ళు ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోమని చెప్పండి.

తర్వాతి ఆట ఇంకో బృందం పెట్టాలి. 1997లో ఓస్లోలో మొదలైన లార్ప్ వాళ్ళ క్నూటెపున్‌క్ట్ సమావేశం ఇలాగే నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్‌ల మధ్య ఏటా తిరుగుతుంది. వెళ్ళిన దేశపు భాషలోకి పేరు కూడా మారుతుంది. ఫిన్లండ్‌లో దాన్ని సోల్ముకోహ్తా అంటారు. అన్ని పేర్లకూ అర్థం ముడి పడే చోటు అనే. మేనిఫెస్టోలు రాసుకుని గట్టిగా వాదించుకున్నవాళ్ళు కూడా అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆతిథ్యం ఇచ్చినవాళ్ళకు అవతలివాళ్ళ ఇబ్బంది తెలుస్తుంది, అతిథిగా వెళ్ళినవాళ్ళకు మర్యాద తెలుస్తుంది.

హైదరాబాద్‌లో, విశాఖలో లార్ప్ బృందాలే లేవే అంటారా? కామిక్ కాన్‌లో కాస్‌ప్లే చేసేవాళ్ళు, బోర్డ్ గేమ్ ఆడేవాళ్ళు, నాటక సమాజాల కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళను కలపడానికీ ముందు టేపు గీతలు, నాణేలే.

మా మూడు బృందాలకూ ఇప్పుడు ఉమ్మడి సామాను కొట్టు ఒకటుంది. అందులో నలభై కత్తులు, రెండు పెట్టెల నిండా గౌన్లు, ఒక పాత మిక్సింగ్ డెస్క్ బల్ల. తాళం చెవి ఆరు నెలలకోసారి చేతులు మారుతుంది. ఈసారి అది ఆ రోజు వరండా మెట్ల మీద కూర్చున్నావిడ దగ్గరుంది. వచ్చే ఆటకు ఆయుధాలు చూసేది ఆవిడే.